నాగమ్మకి ఒక కారణం కావాలా?

మా అమ్మమ్మని ఊళ్లో వెనకాల ‘నాయకురాలు’ అనేవాళ్లట. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ముప్పై ఏళ్లు నిండకముందే తాతయ్య పోయాడు. ఆరెకరాల మిరపచేను, ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. శిస్తు కట్టడం దగ్గర్నుంచి మిర్చి టిక్కీలు గుంటూరు తోలడం దాకా అన్నీ తనే చూసుకుంది. మా పల్నాడులో ఆడమనిషి నలుగురిలో గట్టిగా మాట్లాడితే ఆమెకి పెట్టడానికి ఒక పేరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నాగమ్మ. అందులో తిట్టూ ఉంటుంది, కొంచెం భయమూ ఉంటుంది.

అందుకే నాలుగేళ్ల కిందట పల్నాటి కథని నవలగా రాద్దామని కూర్చున్నప్పుడు, ఎవరి వైపు నుంచి రాయాలా అని ఆలోచించాల్సిన పని పడలేదు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. 12వ శతాబ్దం చివరి రోజులు. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రి నాగమ్మ. మాచర్లలో ఆయన సవతి తమ్ముడు మలిదేవుడు, అతని అండ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. గడువు తీరాక, తమ భాగం అడగడానికి అలరాజుని రాయబారిగా పంపారు. అతను నలగాముడికి స్వయానా అల్లుడు. ఆ అల్లుడు విషప్రయోగంతో చనిపోయాడు. తర్వాత కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం. పందెంలో మోసం, రాయబారికి విషం, రెండూ నాగమ్మ ఖాతాలోనే పడ్డాయి.

1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ వేషం వేశారు. రెండోది టీవీలో వచ్చినప్పుడల్లా అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి నిలబడేది. భానుమతి మాట్లాడినంతసేపు చూసి, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయేది.

నా మొదటి ప్రతిలో నాగమ్మకి చాలా కష్టాలు పెట్టాను. చిన్నప్పుడే వైధవ్యం, బంధువుల ఈసడింపు, నిండు సభలో బ్రహ్మనాయుడి చేతిలో అవమానం. అక్కణ్ణుంచి పగ. విషం సంగతి ఆమెకి తెలియకుండా వేరెవరో చేసిన పని. పందెంలో మోసమే లేదు. రెండు వందల పేజీలయ్యాయి. నాగమ్మకి న్యాయం చేశాననే అనుకున్నాను. ప్రింట్ తీసి అమ్మకిచ్చాను.

అమ్మ మూడు రోజులు చదివింది. చివరి పేజీ మూసి, కళ్లజోడు తీసి అడిగింది: “ఏమే, ఏడిపించకుండా ఆడదానికి పెత్తనం ఇవ్వలేవా నువ్వు?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“నలగాముడికి రాజ్యం ఎందుకు కావాలో ఎక్కడన్నా రాశావా? బ్రహ్మనాయుడికి మంత్రిగిరీ ఎందుకో రాశావా? వాళ్లకి అక్కర్లేని కారణం ఆమెకెందుకు? చేతనవును కాబట్టి చేసింది. మా అమ్మ కూడా అంతే. మీ తాతయ్య బతికున్నప్పుడు కూడా లెక్కలు ఆవిడే చూసేది.”

ఆ సంవత్సరం కార్తీకమాసంలో కారంపూడి వెళ్లాను. అక్కడ పల్నాటి వీరారాధన ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. కథే తిథుల్లోకి వచ్చి కూర్చుంది. వీరుల ఆయుధాలు మోసుకుని ఊళ్ల నుంచి ఆచారవంతులు వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యం ఒకటే చదువుకుని వెళ్లిన నాకు, ఆ పాట వింటుంటే నేను చదివింది కథలో ఒక మూల మాత్రమే అనిపించింది.

నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. చాపకూడు ఘట్టం గురించి మాట్లాడుకున్నాం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కథ. మాల కన్నమదాసుని పెద్ద కొడుకన్నాడు, సేనాధిపతిని చేశాడు. “మా కన్నమనీడు” అని ఆ పెద్దాయన అంటుంటే, నిన్నమొన్న పోయిన మనిషి గురించి చెప్తున్నట్టుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా నవలలో చాపకూడు ఒక ఎత్తుగడ. సైన్యం పోగెయ్యడానికి బ్రహ్మనాయుడు పన్నిన తంత్రం. నాగమ్మని పైకి లేపాలంటే ఎవరినో ఒకరిని కిందికి దించాలి కదా అని అలా రాసేశాను. ఆ దించడంలో ఇన్నాళ్లూ ఈ కథని మోసుకొచ్చినవాళ్ల కంచం కూడా లాగేశానని అక్కడ కూర్చుంటే తప్ప తెలియలేదు.

కథ మౌనంగా ఉన్నచోట నవలాకారుడికి స్వేచ్ఛ ఉంటుంది. నాగమ్మ రాత్రిళ్లు ఏం ఆలోచించేదో ఎవరూ పాడలేదు, అది నేను రాసుకోవచ్చు. కానీ జనం నోట నిలిచినదాన్ని నా వాదానికి అడ్డమని చెరిపేస్తే, ఒక అన్యాయం పోయి దాని చోట ఇంకోటి వస్తుంది.

తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. చాపకూడుని చాపకూడుగానే ఉంచాను. సభలో అవమానం తీసేశాను. విషం మాత్రం వెనక్కి తెచ్చి నాగమ్మ చేతిలోనే పెట్టాను. ఆమెకి తెలుసు. వచ్చినవాడు రాజు కూతురి మొగుడని తెలుసు, ఆ పిల్ల గతేమవుతుందో తెలుసు. అయినా సరేనంది.

ఈ భాగం రాస్తున్నప్పుడే అమ్మ ఫోన్లో, తనంతట తనే, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. ఆ ఆరెకరాల్లో రెండెకరాలు అమ్మమ్మ మరిదివి. పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగి అమ్మమ్మ గెలిచింది. ఆ మరిది కుటుంబం ఊరొదిలి పోయింది. “న్యాయం ఎవరిదో నాకిప్పటికీ తెలీదు. మమ్మల్ని చదివించింది మాత్రం ఆ రెండెకరాలే” అంది అమ్మ.

కాసేపాగి, “అలరాజు దాకా వచ్చావా?” అని అడిగింది.

వచ్చానన్నాను. పంపమంది. ఆ అధ్యాయం ఇంకా పంపలేదు.