సిద్దిపేట బాటలో మూగజీవములు

హైదరాబాదునుండి ఉత్తరముగా బయలుదేరి శామీర్‌పేట, ములుగు, గౌరారము, ప్రజ్ఞాపూరు మీదుగా సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణించినచో సిద్దిపేట చేరుదుము. అచటినుండి ఆ బాటయే కరీంనగరమునకును, రామగుండమునకును సాగును. దీనికి రాజీవ్ రహదారి యని పేరు. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవువారును, వర్గల్ సరస్వతీదేవి సన్నిధిని బిడ్డలకు అక్షరాభ్యాసము చేయింపబోవువారును, ఒంటిమామిడి అంగడికి కూరగాయలు తెచ్చు రైతులును ఈ బాటనే వత్తురు. సోదరీమణులలో అనేకులు ఈ దారిని చూచినవారే యగుదురు. అయినను గుడులను, చెరువులను చూచి ఆనందించు మన కన్నులు బాటపై చితికి పడియున్న మూగజీవముల వంక నిలువవు. నిలిచినను, “అయ్యో” యని మొగము త్రిప్పుకొందుము. ఆ జీవములను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన సిద్దిపేట ప్రత్యేక జిల్లా యైనది. నాటినుండి ఈ సీమ రూపము మిక్కిలి మారినది. ములుగులో అటవీ కళాశాల వెలసినది. గజ్వేలు చెంత సింగాయపల్లి అడవిలో మోడులు మరల చిగిర్చి చెట్లయినవి. 2020లో రంగనాయక సాగరమును, కొండపోచమ్మ సాగరమును, 2022లో మల్లన్న సాగరమును ప్రారంభమైనవి. ఒకప్పుడు కరవునకు పేరుపడిన పొలములలో ఏటికి రెండు పంటలు పండుచున్నవి. నీరును పచ్చదనమును ఉన్నచోట నెమళ్లు, కుందేళ్లు, నక్కలు, అడవిపందులు, ఉడుములు, పాములు నివసించుట సహజమే కదా. ఇంతలో బాటయు నాలుగు వరుసలై, నడుమ గట్టుతో, బాణమువలె సాగుచున్నది. ఒక ప్రక్క అడవి, మరియొక ప్రక్క నీరు, నడుమ ఆగని బండ్లు. నీటికై బయలుదేరిన ప్రాణికి ఈ బాట దాటక గతి లేదు.

నా పుట్టినిల్లు కరీంనగరము. తఱచుగా ఈ దారిని పోవుచు, ఎచ్చట ఏ జీవము పడియున్నదో, చెంతనున్న కిలోమీటరు రాతి సంఖ్యతో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుట నాకు అలవాటైనది. అట్లు వ్రాయగా వ్రాయగా ఒక సంగతి తేటపడినది. ఈ చావులు బాట పొడవున సమముగా లేవు. కొన్ని చోట్లనే మరల మరల జరుగుచున్నవి. అట్టి ప్రతిచోటను ఏదో యొక కారణము కనబడుచున్నది.

మొదటివి చెరువుల చెంతనున్న పల్లపు తావులు. మృగశిర కార్తెలో తొలివాన పడిన రాత్రి కప్పలు గుంపులుగా బాట దాటును. వానిని వెదకుచు పాములు వచ్చును. పగటి యెండకు కాగిన తారు రాత్రి వేళ వెచ్చగా నుండుటచే పాములు దానిపై పరుండుటయు కలదు. తాబేలు సంగతి చెప్పనేల? అది నాలుగు వరుసలు దాటులోపల ఎన్ని బండ్లు పోవునో లెక్కకు రాదు.

రెండవవి అడవి అంచులు. సంధ్యవేళను, తెల్లవారుజామునను జంతువులు తిరుగును. దీపముల వెలుగు కంట బడినంతనే కుందేలు దిక్కు తోచక బాట నడుమ నిలిచిపోవును. నడిగట్టు చేరిన జంతువు ముందునకు పోలేక, వెనుకకు మరలలేక తల్లడిల్లును.

మూడవవి వడ్లు, మక్కజొన్నలు ఆరబోయు తావులు. వానకాలపు పంటయు, యాసంగి పంటయు ఇల్లు చేరు దినములలో బాట అంచున గింజలు పరచుట మనమందరము ఎరిగినదే. పగలు పావురములు, గోరువంకలు వచ్చి వ్రాలును. రాత్రి ఎలుకలు చేరును. ఎలుకలకై గుడ్లగూబయు, జెఱ్ఱిపోతును వచ్చును. చచ్చినదానిని తినవచ్చిన కాకియు, కుక్కయు తామును బండి క్రింద పడును. ఒక పిడికెడు గింజలు ఎంతదూరము చావును లాగుకొని వచ్చుచున్నవో చూడుడు!

నాలుగవవి మన చేతులతో మనము కల్పించినవి. అడవి అంచున కోతులు బారులు తీరి కూర్చుండును. మంగళవారము, శనివారము ప్రయాణికులు కార్లు ఆపకయే అరటిపండ్లు, బిస్కత్తులు విసరుదురు. ఒకనాడు మా బస్సునకు ముందు పోవుచున్న కారునుండి ఒక పండు పడినది. పొట్టకు పిల్లను కరపించుకొనిన తల్లికోతి దానికై ఉరికినది. వెనుక వచ్చు లారీ ఆగుటకు వ్యవధి లేదు. పండు విసరినవారు పుణ్యము వచ్చినదనుకొనుచు అప్పటికే దూరము పోయిరి.

మన రాష్ట్ర పక్షియైన పాలపిట్ట మాట యొకటి చెప్పవలెను. దసరానాడు దాని దర్శనము శుభమని పిల్లలను వెంటబెట్టుకొని ఊరివెలుపలికి పోదుము. అది బాట ప్రక్క తీగలపై కూర్చుండి పురుగు కనబడగానే నేలకు వ్రాలును. వ్రాలునప్పుడు బండి తాకి మడియుటయు కలదు. ఆ నీలి రెక్కలను తారుపై చూచుటకంటె అశుభ మేమున్నది?

ఈ బాధ మనకే కాదు. ఆస్ట్రేలియాలో కోలా యను జంతువు నీలగిరి చెట్ల ఆకులనే తిని బ్రతుకును. పగలెల్ల కొమ్మపై నిద్రించి, రాత్రి దిగి ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు నేలపై నడచును. ఆ నడకలోనే బండ్ల క్రింద పడుచున్నది. 2022 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రభుత్వము క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతములలోని కోలాలను అంతరించు ప్రమాదమున్న జాతిగా ప్రకటించినది. అచటివారు కోలాలు పడు తావులను గుర్తించి, అట్టిచోట్ల బాట కిరువైపుల కంచె కట్టి, ఆ కంచె వెంబడి నడచి వచ్చు జంతువునకు బాట క్రింద దారి విడుచుచున్నారు. కంచె మాత్రమే కట్టిన అడవి రెండు ముక్కలగును. దారి మాత్రమే విడిచిన జంతువు దానిని కనుగొనలేదు. రెండును కూడియుండవలెను.

మనదేశమునను ఇట్టి మేలు జరిగినది. సిద్దిపేటకు పడమర రామాయంపేట మీదుగా పోవు 44వ జాతీయ రహదారియే నాగపురము దాటి పెంచ్ పులుల అడవిని చొచ్చును. అచట జంతువులకై బాట క్రింద 9 దారులు విడిచిరి. వానిలో పెద్దది 750 మీటర్ల వెడల్పు గలది. 2019లో కెమెరాలు అమర్చి చూడగా పులులతో కూడ 18 జాతుల జంతువులు వానిగుండ నడచినట్లు తేలినది. శ్రీశైలము పోవు బాటలో మన్ననూరు దాటి అమ్రాబాదు అడవిలోనికి రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బండ్లను విడువరు.

మన బాటకు అంతటి వ్యయము అక్కరలేదు. చెరువుల చెంతనున్న తూములలో చెత్త, పూడిక తీసియుంచినచో తాబేలు, ముంగిస, ఉడుము వానిగుండనే పోగలవు. చావులు పెరిగిన తావుల హెచ్చరిక పలకయు, వేగమును తగ్గించు గట్లును కట్టవచ్చును. వేగము రెట్టింపైనచో, బ్రేకు నొక్కిన పిదప బండి ఆగుదూరము నాలుగు రెట్లగునని మావారు బడిలో పిల్లలకు చెప్పుచుందురు. అడవిపంది అడ్డుపడినప్పుడు ద్విచక్రముపై పోవు మనుజుని ప్రాణమును కాచునది ఈ లెక్కయే.

గృహిణులమైన మన చేతిలోనిది కొంత కలదు. ఆంజనేయస్వామికి అర్పింపదలచిన పండు గుడిలో అర్పింతము; బాటపై విసరవలదు. మనుష్యులచేతి తిండి మరగిన కోతియే రేపు మన వంటయింటి తలుపు త్రోయును. తిని మిగిలిన అన్నము, తొక్కలు కిటికీనుండి పారవేయక సంచిలో ఇంటికి తెత్తము. వడ్లు కల్లములో టార్పాలినుపై ఆరబోయుమని ఇంటివారితో చెప్పుదము. అడవి ప్రక్కగా పోవునప్పుడు “కొంచెము మెల్లగా, నాయనా” యని బండి నడుపువానితో అనుటకు సంకోచము వలదు. శాకుంతలములో ఆశ్రమమృగమును కొట్టవలదని ఒక తాపసుడు అడ్డుపడి చెప్పగా, దుష్యంత మహారాజు బాణము నుపసంహరించెను. మన మాటకు ఇంటి సారథి ఆగకపోడు.

గాయపడిన జంతువును చేత తాకక అటవీశాఖవారికి తెలుపవలెను. చచ్చిన నెమలిని ఇంటికి తెచ్చుటయు తగదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము అది ప్రభుత్వపు సొత్తు.

మీ ప్రయాణపు సంచిలో ఒక చిన్న పుస్తకమును, పెన్సిలును ఉంచుకొనుడు. జీవము పడియున్న తావును, కిలోమీటరు సంఖ్యను, వేళను పిల్లలచేత వ్రాయింపుడు. ఏడాది నిండిన పిదప ఏ సంఖ్య పలుమార్లు వచ్చినదో చూచి, ఆ కాగితమును మీ గ్రామ పంచాయతికిని, అటవీశాఖ కార్యాలయమునకును పంపుడు. ఎచ్చట పలక నాటవలెనో, ఏ తూము బాగుచేయవలెనో వారికి తెలియవలెనన్న ఆ సంఖ్యలే ఆధారము.