టక్‌మనే చప్పుడు

రోహిణి కార్తె మూడో రోజు. గుడివాడ నుంచి బయల్దేరేసరికే ఎండ చుర్రుమంటోంది. కారు ఏసీలోంచి వేడిగాలి కొడుతోంది. వెనక సీట్లో అమ్మ తడితువ్వాలు మెడకు చుట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. బెజవాడలో డాక్టరు దగ్గర అమ్మనీ, తోడుగా వచ్చిన మా చెల్లెల్నీ దింపి, నేను దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కి భవానీపురం దారి పట్టాను.

ఈ కారుకి రెండు వేసవుల్లో మూడుసార్లు గ్యాస్ ఎక్కించారు. మూడోసారి రెండు నెలలు కూడా నిలవలేదు. అప్పుడు గ్యాస్ ఎక్కించిన షాపువాళ్లు తేల్చేశారు: "కంప్రెసర్ పోయిందండీ. కొత్తది వేయాల్సిందే." నా మిత్రుడొకడు మాత్రం, మార్చే ముందు భవానీపురంలో ఒకాయనకి చూపించమన్నాడు. "ఆయన ముందు చూస్తాడు, తర్వాతే విప్పుతాడు" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెళ్లాను.

బెజవాడలో బండి బాగుచేయించాలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఊరికి తూర్పున ఉన్న జవహర్ ఆటోనగర్. కానీ హైదరాబాద్ రోడ్డు మీద తిరిగే టాక్సీలకి, లారీలకి పడమటి వైపు భవానీపురమే దగ్గర. నేను వెళ్లిన షెడ్డు హైవేకి ఒక సందు లోపల ఉంది. పైన రేకులు, ముందు వేపచెట్టు, నీడలో నాలుగు కార్లు. ఒక మూల వాక్యూమ్ పంపు గురగురమంటోంది. గోడకి వరసగా పాత కంప్రెసర్లు. మేస్త్రిగారికి యాభై అయిదేళ్లుంటాయి. ఆటోనగర్‌లో పని నేర్చుకుని ఇక్కడికి వచ్చారట. పని నేర్చుకుంటున్న కుర్రాడు ఆయన్ని "బాబాయ్" అని పిలుస్తున్నాడు.

నేను చెప్పిందంతా విని ఆయన బోనెట్ ఎత్తారు. "ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. ఇటొచ్చి వినండి" అన్నారు.

"ఏం వినపడట్లేదండీ."

"అదే. టక్‌మనాలి. అనట్లేదు."

కంప్రెసర్ ముందున్న పుల్లీని బెల్టు ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. ఏసీ వేసినప్పుడు క్లచ్ కాయిల్‌కి కరెంటు అంది, అది అయస్కాంతమై ముందరి ప్లేటును లాక్కుంటుంది. ఆ అతుక్కునే చప్పుడే టక్. అప్పుడే కంప్రెసర్ లోపలి షాఫ్ట్ తిరుగుతుంది. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ కారులో ఏసీ పెట్టినప్పుడు ఈ క్లచ్ లేదు. చల్లదనం వద్దనుకుంటే ఇంజన్ ఆపి బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. ఇప్పుడు కొన్ని కొత్త కార్లలో క్లచ్ లేకుండానే లోపలి వాల్వుతో గ్యాస్‌ని హెచ్చించి తగ్గించే కంప్రెసర్లు వస్తున్నాయి. వాటిలో టక్ వినపడకపోవడం రోగం కాదు. నా కారు పాత రకం. అది పలకాలి.

"టక్ అనకపోతే కంప్రెసర్ పోయినట్టేనా?" అని అడిగాను.

"ఫ్యూజు పోయినా అనదు. రిలే పోయినా అనదు. కాయిల్ కాలినా అనదు. ప్లేటు అరిగి సందు పెరిగినా అనదు. లోపల గ్యాస్ లేకపోతే ప్రెషర్ స్విచ్చే వద్దంటుంది. వీటిల్లో ఒక్కటీ కంప్రెసర్ తప్పు కాదు."

ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు అర మిల్లీమీటరు అటూఇటూ ఉండాలి. అరిగి పెరిగితే, చల్లగా ఉన్నప్పుడు పట్టిన క్లచ్ ఇంజన్ వేడెక్కాక పట్టదు. పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నం మొరాయించే ఏసీల్లో ఈ రకం చాలానే ఉంటాయట. లోపలున్న పల్చటి వాషరు ఒకటి తీస్తే సరిపోయే దానికి కొత్త కంప్రెసర్ కొన్నవాళ్లూ ఉన్నారు.

నా కారుకి ఆయన గేజులు తగిలించారు. నీలం గేజు తక్కువ ఒత్తిడి ఉండే వైపుకి, ఎరుపుది ఎక్కువ ఒత్తిడి ఉండే వైపుకి. ఇంజన్ ఆపేశాక రెండూ ఒకే చోట నిలవాలి. 35 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ గ్యాస్ ఉన్న బండిలో ఆ ముల్లు సుమారు 115 పీఎస్ఐ దగ్గర ఉండాలి. నా కారులో ముప్ఫై కూడా చూపించలేదు. గ్యాస్ దాదాపు ఖాళీ. అందుకే స్విచ్ క్లచ్‌కి కరెంటు వెళ్లనివ్వలేదు. కంప్రెసర్‌ని కాపాడింది ఆ స్విచ్చే. దాన్ని వైరుతో కలిపేసి బలవంతంగా తిప్పించేవాళ్లున్నారని చెబుతుంటే మేస్త్రిగారి గొంతులో బాధ దాగలేదు.

"గ్యాస్ పెట్రోలు కాదు సార్, వాడితే అయిపోవడానికి. మూసిన పైపుల్లోనే తిరుగుతుంటుంది. రబ్బరు హోసుల్లోంచి ఏళ్ల మీద రవ్వంత పోవడం వేరు. రెండు నెలల్లో పోయిందంటే ఎక్కడో కారుతోంది. కారే కుండకి అడుగు చూడకుండా నీళ్లు పోస్తామా?"

గ్యాస్ కంటికి కనపడదు, దాంతోపాటు బయటికొచ్చే నూనె కనపడుతుంది. జిడ్డు, ఆ జిడ్డు మీద పేరుకున్న దుమ్ము, అదే గుర్తు. వేడిని బయటికి వదిలే కండెన్సర్ దగ్గరి పైపు జాయింటు మీద అలాంటి నల్లటి మరక ఉంది. కుర్రాడు సిస్టమ్‌లోకి నైట్రోజన్ ఎక్కించి, సబ్బునీళ్లు బ్రష్‌తో రాశాడు. మరక ఉన్నచోటే సన్నటి బుడగలు లేచాయి. జాయింటు విప్పితే లోపలి రబ్బరు రింగు బిరుసెక్కి, చదునైపోయి ఉంది. అరచేతిలో పెట్టి చూపించారు. చిటికెన వేలి గోరంత. రెండు వేసవులు అమ్మ ఎండలో ఉడికిపోయింది దీనివల్లే.

"అయితే కంప్రెసర్ బాగున్నట్టేగా?" అన్నాను ఆశగా.

"ఇప్పుడే చెప్పలేను. గ్యాస్ పోయిన ప్రతిసారీ కొంత నూనె పోయింది. గ్యాస్ పోసినవాళ్లు నూనె పోశారో లేదో. విప్పి చూద్దాం."

విప్పేలోగా పక్క కారు దగ్గర నిలబడ్డాను. ఇబ్రహీంపట్నం వైపు తిరిగే టాక్సీ అది. ఆ దారిలో థర్మల్ స్టేషన్ బూడిద లారీలు తిరుగుతుంటాయి. ఏసీ నడుస్తోంది, చల్లబడట్లేదు. గేజులు రెండూ ఎత్తుకు ఎక్కి ఉన్నాయి. మేస్త్రిగారు ముళ్ల సంగతి కుర్రాడికి పాఠంలా చెబుతుంటే నేనూ విన్నాను. రెండూ కిందికి పడితే గ్యాస్ తక్కువ. నీలం పైకి లేచి ఎరుపు దిగి రెండూ దగ్గరపడితే కంప్రెసర్ నెట్టలేకపోతోంది. నీలం సున్నా దాటి కిందికి పోతే దారిలో తేమ పీల్చే డ్రయ్యరో ఎక్స్‌పాన్షన్ వాల్వో మూసుకుపోయింది. రెండూ ఎక్కితే వేడి బయటికి పోవట్లేదు, లేదా గ్యాస్ ఎక్కువ పోశారు.

ఈ టాక్సీలో ఫ్యాన్ తిరుగుతోంది. కండెన్సర్ రెక్కల సందులు మాత్రం బూడిదతో, ఎండిన బురదతో పూడిపోయాయి. రేడియేటర్ వైపు నుంచి బయటికి, సన్నటి ధారతో, రెక్కలు వంగకుండా కుర్రాడు పావుగంట కడిగాడు. ఎరుపు ముల్లు దిగింది. లోపల చలిగాలి మొదలైంది. ఇలాగే ఇంకో వేసవి తిప్పి ఉంటే, ఆ ఒత్తిడినంతా మోసి మోసి కంప్రెసరే పగిలేది. అప్పుడు అందరూ కంప్రెసర్ మంచిది కాదనేవారు.

గోడవారనున్న పాతవాటిలో ఒకదాన్ని మేస్త్రిగారు నా చేతికిచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఊర్మిళానగర్, జోజినగర్ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కారుది. వరద తీశాక ఇంజన్లు, సీట్లు బాగు చేయించుకున్నారు, పుల్లీ బేరింగు ఎవరికీ గుర్తు లేదు. నీళ్లు దాని గ్రీజును కడిగేశాయి, బురద లోపల చేరింది. నెలల తర్వాత గరగర మొదలైంది. యజమాని పట్టించుకోలేదు. ఒకరోజు బేరింగు బిగుసుకుపోయి బెల్టు తెగింది. చాలా కార్లలో ఆ ఒక్క బెల్టే ఆల్టర్నేటర్‌నీ తిప్పుతుంది, కొన్నిటిలో నీళ్ల పంపునీ తిప్పుతుంది. ఏసీతో పాటు బండే రోడ్డు మీద ఆగిపోయింది.

"చప్పుడు ఎప్పుడొస్తుందో చూసుకోవాలి" అన్నారు. ఏసీ ఆపినా గరగర ఉంటే పుల్లీ బేరింగో, బెల్టు దారిలోని మరో పుల్లీయో. ఆ దశలో బేరింగు ఒక్కటి మారిస్తే చాలు. ఏసీ వేస్తేనే వస్తే క్లచ్, లేదా కంప్రెసర్ లోపలి భాగం. లోపలి నుంచి దడదడ వస్తుంటే ఇక నడపకూడదు. అరిగిన లోహపు పొడి గ్యాస్‌తో పాటు కండెన్సర్‌లోకి, వాల్వులోకి పోతుంది. అవి శుభ్రం చేయకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే, పాతదాని పొడి కొత్తదాన్నీ తినేస్తుంది. సన్నటి గొట్టాల కండెన్సర్లయితే కడిగినా పొడి పూర్తిగా రాదు, మార్చాల్సిందే.

ఈలోగా నా కంప్రెసర్ బల్ల మీదికొచ్చింది. లోపలి నూనెను కొలపాత్రలోకి వంచారు. ఉండాల్సినదానిలో సగానికంటే తక్కువే దిగింది. తర్వాత ఒక తెల్లకాగితం మీద ఒక్క చుక్క వేసి వెలుగులోకి పట్టుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. చుక్క లేత పసుపుగా పాకింది. నలుపు లేదు, మెరిసే రవ్వల్లేవు. ఆయన షాఫ్ట్‌ని చేత్తో తిప్పారు. ఎక్కడా పట్టకుండా తిరిగింది.

"బతికుంది సార్."

కొత్త రింగులు, కొత్త డ్రయ్యర్, కొలిచి పోసిన నూనె. ఆ నూనె గాలిలోని తేమను పీల్చేసుకుంటుంది కాబట్టి డబ్బా మూత వెంటనే బిగించారు. తర్వాత అరగంట పైగా వాక్యూమ్. గాలి లాగేసినచోట నీరు మామూలు వేడిలోనే ఆవిరై బయటికొచ్చేస్తుంది. లోపల మిగిలితే వాల్వు దగ్గర మంచు కడుతుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. పంపు కట్టేసి, ముల్లు కదలకుండా నిలుస్తోందో లేదో ఇంకొంతసేపు చూశారు.

గ్యాస్ పోసేటప్పుడు సిలిండర్‌ని కాటా మీద పెట్టారు. బోనెట్ కింద అంటించిన కాగితం మీద ఎన్ని గ్రాములని ఉందో అంతే. చిన్న కార్లకి సాధారణంగా అరకిలో లోపే పడుతుంది. ఆగి ఉన్న బండిలో ముల్లు సరిగ్గా నిలిస్తే గ్యాస్ ఉన్నట్టే గానీ, ఎంతుందో అది చెప్పదు. కాటాయే చెప్పాలి.

పాత గ్యాస్ మిగిలిన బండ్లకి దాన్ని గాలిలోకి వదలకుండా వేరే సిలిండర్లోకి లాగడం కూడా ఇక్కడ చూశాను. ఓజోన్ పొరకు చిల్లు పొడిచిన ఆర్-12 గ్యాస్‌ని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత పక్కన పెట్టి ఆర్-134ఏ తెచ్చారు. ఇది ఓజోన్‌ని ఏమీ చేయదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. వందేళ్ల లెక్కన, ఒక కిలో సుమారు 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుకి సమానం. 2016 కిగాలీ సవరణ ఇలాంటి గ్యాసుల్ని క్రమంగా తగ్గించమంది, మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. నా కారులోంచి ప్రతిసారీ 400 గ్రాములు పోయిందనుకున్నా, ఒక్కోసారికి 570 కిలోల పైమాటే. లోపల చల్లదనం కోసం బయటి ఎండను పెంచుకోవడం అది. ఆ చిన్న రింగుని ఎవరైనా మొదటిసారే చూసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

"ఏసీ వేయండి" అన్నారు మేస్త్రిగారు.

టక్.

లోపల గాలి చల్లబడింది. నాలుగింటికి ఆస్పత్రి దగ్గర అమ్మ కారెక్కి, తడితువ్వాలు మడిచి సంచిలో పెట్టేసుకుంది.

అంతకుముందు షెడ్డులో డబ్బులిచ్చి బయల్దేరబోతుంటే మేస్త్రిగారు చెప్పినవి రెండే. చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయాలి, లేకపోతే నూనె తిరగక షాఫ్ట్ సీలు ఎండిపోతుంది. ఎండలో నిలిపిన కారెక్కగానే అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చాకే ఏసీ వేయాలి. తర్వాత ఆ నూనెచుక్క కాగితాన్ని బిల్లుకి పిన్ను చేసి ఇచ్చారు. ఇక్కడ కంప్రెసర్ విప్పిన ప్రతివాళ్లకీ అలాగే ఇస్తారట, చుక్క పసుపైనా నలుపైనా.

"మార్చమన్నా, వద్దన్నా, ఎందుకో మీకు కనపడాలిగా" అన్నారు.

ఆ కాగితం ఇప్పటికీ కారు డ్యాష్‌బోర్డులోనే ఉంది. వచ్చే వేసవి ఎవరైనా బోనెట్ ఎత్తి "కంప్రెసర్ పోయింది" అంటే, ముందు ఒక తెల్లకాగితం ఇచ్చి చుక్క వేసి చూపించమంటాను.