పులిహోర డబ్బాతో ఢిల్లీ దాకా

మీలో ఎంతమంది ఒంటరిగా రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేశారో చెప్పండి చూద్దాం! నాకైతే నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఆ అనుభవం లేదు. కాజీపేట జంక్షన్‌లో బండి కూత మా వంటింట్లోకి వినబడుతుంది. అయినా రైలెక్కాలంటే మా వారు పక్కన ఉండాల్సిందే. టికెట్లు ఆయన జేబులో, టిఫిన్ క్యారియర్ నా చేతిలో. ఇన్నేళ్ళూ అలాగే గడిచిపోయింది.

2023 డిసెంబరులో ఢిల్లీ నుంచి మా మరిది ఫోన్ చేశాడు. మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ అయి ఇంటికి తీసుకొచ్చారట. మా అత్తయ్య మంచం మీద ఉన్నారు, మా వారు ఇల్లు కదల్లేరు. "ఒక్కదానివే వెళ్ళగలవా?" అన్నారు. వెళతానన్నాను. అన్న తర్వాత గుండె దడదడలాడింది.

భయం రైలు గురించి మాత్రమే కాదండీ. మా అమ్మ 2019లో పోయింది. ఆవిడ రెండు పేటల గొలుసు నా దగ్గరే ఉండిపోయింది. ఆఖరి రోజుల్లో చూసుకున్నది నేనే కదా అని నా లెక్క. "నన్నొక్క మాట అడక్కుండా బీరువాలో పెట్టుకున్నావు" అని చెల్లెలి లెక్క. ఇంకేముంది, నాలుగేళ్ళు మా మధ్య మాటల్లేవు. మరిది ఫోన్ చేసిన సంగతి కూడా దానికి తెలీదు. ఆ గొలుసుని లోపలి లంగాకి జేబు కుట్టి అందులో పెట్టుకుని బయలుదేరాను. మీరు మాత్రం ఇలాంటి పని చేయకండి, బంగారంతో ఒంటరి ప్రయాణం మంచిది కాదు.

మేము చిన్నప్పుడు ఏ.పి. ఎక్స్‌ప్రెస్ అని పిలుచుకున్న బండే ఇది. 1976లో మొదలైంది, 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అని పేరు మారింది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయలుదేరి మర్నాడు ఉదయానికి న్యూఢిల్లీ చేరుస్తుంది. నాకు థర్డ్ ఏసీలో కింది బెర్తు దొరికింది. నలభై అయిదేళ్ళు దాటిన ఆడవాళ్ళకి ఖాళీని బట్టి కింది బెర్తు ఇస్తారని అప్పుడే తెలిసింది. వయసు పెరిగినందుకు మొదటిసారి సంతోషించాను!

రామగుండం పొగగొట్టాలు కనబడ్డాక కాసేపటికి గోదావరి వచ్చింది. అందరిలాగే నేనూ దణ్ణం పెట్టుకున్నాను. మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు ఊళ్ళు, తర్వాత సిర్పూర్ కాగజ్‌నగర్. అది దాటాక తెలుగు బోర్డులు అయిపోయి, బల్లార్షాలో మరాఠీ మొదలైంది. అక్కణ్ణించి నాకు బెంగ పట్టుకుంది. బడిలో చదివిన హిందీ, సినిమాల్లో విన్న హిందీ తప్ప నాకు వేరే హిందీ రాదు.

నాగపూర్‌లో ఒక పెద్దావిడ మనవడితో ఎక్కింది. భోపాల్ వెళ్ళాలట. సంచీ నిండా కమలాపళ్ళు. కూర్చోగానే రెండు నా చేతిలో పెట్టింది. నేను పులిహోర డబ్బా తెరిచాను. "ఖట్టా చావల్" అని పిల్లాడు ఎగిరి గంతేశాడు. చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడికించి, అన్నం పూర్తిగా చల్లారాక కలిపితే చలికాలంలో మర్నాటి దాకా పాడవదు. పెరుగన్నానికి పాలు ఎక్కువ, తోడు తక్కువ వేయండి, పులవదు. తడి చెంచా మాత్రం డబ్బాలో పెట్టకూడదు.

ఆమ్లా దాటాక సాత్పురా కొండలు. టేకు చెట్లు, సొరంగాలు, పక్కనే లోయలు. బండి మెల్లగా, ఆయాసపడుతున్నట్టు నడిచింది. సొరంగంలో చీకటి పడ్డప్పుడల్లా నా చెయ్యి నడుము దగ్గరికే పోయేది. పెద్దావిడ గమనించింది. ఏముందని అడగలేదు. "నువ్వు కాసేపు పడుకో, భోపాల్ దాకా నేను మేలుకునే ఉంటాను" అంది. ఎక్కడికి వెళుతున్నావంటే చెల్లెలి దగ్గరికని చెప్పాను. "నాకూ ఒక అక్క ఉండేది" అని కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఇటార్సీ దాటాక ఆవిడే నన్ను తట్టి లేపింది. నర్మద! బయట చీకటి, వంతెన చప్పుడు తప్ప ఏమీ కనబడలేదు. హోషంగాబాద్ అని పుస్తకాల్లో చదువుకున్న ఊరు అదే, 2022 నుంచి నర్మదాపురం అంటున్నారు. ఆవిడ నీళ్ళున్న వైపు చేతులు జోడించింది. కనబడని నదికి నేనూ మొక్కాను.

భోపాల్‌లో ఆవిడ దిగిపోయాక నిద్ర పట్టలేదు. మధ్య బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకానే వేసుకోవాలని రూలు. ఒకాయన ఏడైనా లేవకపోతే మర్యాదగా చెప్పాను, దింపేశాడు. ఎవరైనా వినకపోతే 139కి ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ఒక చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి.

ఆగ్రా వచ్చేసరికి బయట పొగమంచు, తాజ్‌మహల్ సంగతి దేవుడెరుగు, ప్లాట్‌ఫారం చివర కూడా కనబడలేదు. ఉత్తరాదిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఇది మామూలే, బళ్ళు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. కాబట్టి ఒక పూట తిండి ఎక్కువే పెట్టుకోండి. మా బండి నాలుగు గంటలు ఆలస్యం. ఎదుటి సీట్లో కాలేజీ పిల్లలు ఆకలిగా ఉన్నారు. మిగిలిన పులిహోర వాళ్ళకి పెట్టేశాను. మథుర దాటాక మంచు విడి, పచ్చగా పూసిన ఆవ చేలు బయటపడ్డాయి. మన పోపుల డబ్బాలో ఆవాలకి ఇంత అందమైన పుట్టిల్లు ఉందా అనిపించింది.

న్యూఢిల్లీలో మరిది వచ్చి తీసుకెళ్ళాడు. చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. సగం చిక్కిపోయింది. నన్ను చూసి "ఎవరితో వచ్చావు?" అంది. "ఒక్కదాన్నే" అన్నాను. నమ్మలేనట్టు చూసింది. జేబు కుట్లు విప్పి గొలుసు దాని ఒళ్ళో పెట్టాను. అమ్మ పోయినప్పుడే ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాల్సింది, తప్పు నాదేనని చెప్పాను. అది గొలుసు ముట్టుకోలేదు. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత ముక్కు తుడుచుకుని నా సంచీ వైపు చూసి, "పులిహోర వాసనొస్తోంది, ఏమైనా మిగిలిందా?" అంది.

ఖాళీ డబ్బా తీసి చూపించాను. "ఊళ్ళో వాళ్ళందరికీ పెట్టి నాకు ఉంచవు, చిన్నప్పుడూ ఇంతే కదే అక్కా!" అని నవ్వబోయి, కుట్లు లాగి పొట్ట పట్టుకుంది.

ఆ సాయంత్రమే చింతపండు నానబెట్టాను. గొలుసు ఇప్పుడు దాని దగ్గరే ఉంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోంది. ఈ చలికాలం మళ్ళీ వెళతాను. ఈసారి రెండు డబ్బాలు తీసుకెళతాను, ఒకటి బండిలో వాళ్ళకి, ఒకటి దానికి.

మీరు కూడా ఎవరి దగ్గరికైనా వెళ్ళాలనుకుంటూ ఆగిపోయి ఉంటే, టికెట్ కొనేయండి. తోడెవరూ లేరని ఆగకండి, బండెక్కాక తోడు వాళ్ళే దొరుకుతారు.