మెదకు నుంచి దుబాయి ఎంత దూరం?

మొన్న మెదకులో శంషాబాదు విమానాశ్రయానికని బస్సెక్కాను. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. 1924లో ప్రతిష్ఠ జరిగిన చర్చి, దాని 175 అడుగుల గోపురం వెనకబడ్డాయి. పక్కన కూర్చున్న అవ్వ, "దుబాయి ఎంత దూరం బిడ్డా?" అని అడిగింది.

విమానం దారిన సుమారు 2,550 కిలోమీటర్లు. దాదాపు నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకంటె గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం పదింటికి బయలుదేరితే, అక్కడ పన్నెండున్నరకే దిగవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ఆ గంటన్నర అప్పు తీర్చవలసిందే!

నా లెక్కంతా విని, అవ్వ వేళ్ళు మడిచి చూసుకుంది.

"నాలుగు గంటలేనా? మావోడు పోయి రెండేండ్లాయె, ఇంకా రాకపాయె!"

ఆ దూరానికి నా దగ్గర లెక్క లేదు.