కొండయెదుట రైలు

ఏడాది పొడుగునను తీసిన ఛాయాచిత్రములను ఒక్కచోట పేర్చి, ఉంచదగినవి యేవి, విడువదగినవి యేవి యని ఏరుచుండగా ఒక విచిత్రము కనబడెను. రైలు చట్రమునిండ పరచుకొని, ఇంజను మీది రంగులును అంకెలును స్పష్టముగా చదువుకొనదగిన చిత్రము లెల్ల విడువదగిన కుప్పలోనికి పోవుచుండెను. రైలు చీమలబారువలె సన్నగిల్లగా, కొండయో నదియో ఆకాశమో పెద్దదై నిలిచిన చిత్రము లెల్ల రెండవ కుప్పలో చేరుచుండెను. పక్షుల సంగతియు నిట్టిదే. టెలీలెన్సుతో కంటిలోని మెరుపువరకు దగ్గరకు లాగి తీసిన గూడబాతు ముఖమును మిత్రులు మెచ్చుకొందురు. కాని అది యే చెరువుదో, ఏ కాలముదో, ఆ పూట గాలి యెటు వీచెనో ఆ ముఖము చెప్పదు. జంతుప్రదర్శనశాలలోనైనను అట్టి ముఖమును పట్టవచ్చును.

మార్గశిరమాసపు చలిలో విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు రైలెక్కితిని. కొత్తవలస దాటి శృంగవరపుకోట వచ్చువరకు ఇది తక్కిన రైళ్ళవంటిదే. కోతలైన మళ్ళు, తాటితోపులు, గట్లపై పశువులు. బొడ్డవర గడచి శివలింగపురము చేరుసరికి ఇంజను గొంతు మారును. అరువది యడుగులు సాగినచో ఒక్క యడుగు పైకి లేచు వాలు ఇచట మొదలగును. నడచుచున్న మనిషికి అది వాలుగానే తోచదు. కాని ఇనుపచక్రమునకు ఇనుపపట్టాపై పట్టు బహు స్వల్పము గనుక రైలున కది కొండ యెక్కుటయే. ఈ మార్గమును ఎవరి కన్నుల పండువుకొరకును వేయలేదు. బైలడిల్లా కొండలలోని ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దించి జపానునకు పంపవలెనని, ఆ దేశముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి 1960వ దశకమున అనంతగిరి కొండలను తొలిచి నిర్మించిరి. కొత్తవలసకు కిరండూలునకు నడుమ సొరంగములు 58. ఒక్కొక్క సొరంగమునుండి వెలువడినప్పుడెల్ల, ఇంతకుముందు ఎడమవైపున నుండిన లోయ కుడివైపునకు వచ్చెనా యని భ్రమ కలుగును. కెమెరా సరిచూచుకొనులోపల మరల చీకటి.

ఈ దారికి యజమానులు ఖనిజపు రైళ్ళు, ప్రయాణికులమైన మేము అతిథులము. నడుమ నొక స్టేషనులో మా బండిని ప్రక్క లైనున నిలిపి, ఎర్రధూళి పులుముకొన్న వాగనుల వరుసను ముందుగా దింపిరి. ఎక్కుటకంటె దిగుటయే కష్టమని అప్పుడు తెలిసెను: వేల టన్నుల బరువును లోయలోనికి జారిపోనీయక బ్రేకులతో బిగబట్టి దించవలెను గదా. కాలిన ఇనుపవాసన ఆ వరుస పోయిన పిమ్మటకూడ కొంతసేపు నిలిచియుండెను. బొర్రాగుహలు, కరకవలస దాటి శిమిలిగూడ చేరితిమి. సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తుననున్న ఈ చిన్న స్టేషను బ్రాడుగేజి స్టేషనులలో అత్యున్నతమైనదని చిరకాలము చెప్పుకొనిరి. కశ్మీరలోయకు రైలుమార్గము పడిన పిమ్మట ఆ కీర్తి అటు తరలిపోయెను. శిమిలిగూడ మాత్రము తన యెత్తున తాను నిశ్చింతగా నున్నది.

అరకులో దిగి, వలిసె పూలతో పచ్చబడిన యొక పొలము గట్టున కూర్చుంటిని. ఖనిజపు రైళ్ళకు కాలపట్టిక మనచేత నుండదు గనుక అచటి రైతు నడిగితిని. "ఎప్పుడొస్తాదో మాకు తెల్దు బావూ. ఆ గేదెలు తలెత్తుతాయి, అప్పుడు సూసుకో" అని ఆయన తన పనిలో తాను పడిపోయెను. ఆయన చెప్పినట్లే జరిగెను. నా చెవికేమియు వినబడకమునుపే గేదెలు మేత మాని తలలెత్తినవి. కొంతసేపటికి పొలముల కావలి యంచున, కొండ పాదముచెంత, ఎర్రని గీతవంటి దొకటి కదలినది. ఆ చిత్రమున ముప్పాతిక భాగము పసుపుపూలు, తక్కినదంతయు నీలపుకొండ; రైలును వెదకి చూపవలెను. పదవీవిరమణ చేసిన లోకోపైలటు మిత్రుని కది చూపగా ఆయన కండ్లద్దములు సవరించుకొని, "ఎన్ని ఇంజన్లు కట్టారో కూడా కనబడటం లేదేమండీ?" అని విచారించెను. ఆయన దృష్టికి నేను తీసినది రైలు చిత్రమే కాదు. ఆ మాట కాదనుటకు నాకు తర్కము దొరకలేదు.

పుష్యమాసమున గూడూరునుండి మద్రాసు వైపు పోవు పాసింజరులో దొరవారిసత్రమున దిగి నేలపట్టునకు పోతిని. 1976లో పక్షిసంరక్షణ కేంద్రమైన ఈ చెరువున, నీటిలో మోకాళ్ళవరకు మునిగి నిలిచిన చెట్లకొమ్మలపై గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టును. ఇవి సైబీరియానుండి వచ్చునని ఊరివారు అతిథిగర్వముతో చెప్పుదురు. నా ప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడొకరు పిల్లలకును అదే చెప్పుచుండెను. కాని మచ్చల ముక్కుగల యీ జాతి దక్షిణాసియాదే, మనదే. చెరువునుండి చెరువునకు, నీరున్నచోటికి పోవునదే గాని హిమప్రదేశముల ముఖము చూచినది కాదు. దూరపు చుట్టమునకు జరుగు మర్యాద ఇరుగుపొరుగునకు జరుగదు గనుక పాపము ఆ కథ వాటికి లాభమే యగును. ఆ మర్యాదకు అంతకంటె గట్టి కారణము మరియొకటి కలదు: పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు బలమని రైతుల యనుభవము. తల్లి నోటిసంచిలోనికి కూన మెడవరకు తలదూర్చి చేపలు తినుచుండగా ఎంతో దగ్గరగా తీసిన చిత్రము నా యొద్ద నున్నది. ఉంచుకొన్నది మాత్రము మరియొకటి: చెరువుకట్ట, చెట్లు, చెట్లపై తెల్లని చుక్కలు, కట్టకు దిగువను నాటుచున్న స్త్రీలు. గూడును సమీపించి పెద్దపక్షిని లేవగొట్టిన యెడల, కాచుకొనియున్న కాకి గ్రుడ్డు నెత్తుకొనిపోవునని కాపలాదారు హెచ్చరించెను. కావున దూరముగా నిలుచుట ఇచట అభిరుచి మాత్రమే కాదు, ధర్మముకూడ.

పులికాటు సరస్సున రాజహంసలని జనము పిలుచు ఫ్లెమింగోలను సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డుమీదినుండియే చూచితిని. తలక్రిందులుగా ముక్కును బురదనీట ముంచి వడగట్టుకొని తిను ఆ పక్షుల గులాబిరంగు ఆ తిండివలననే వచ్చునట. ఎండవేడికి గాలి కరగుచుండగా దూరమున వాటి కాళ్ళు మాయమై, శరీరములు మాత్రము తేలుచుండెను. చిత్రము చెడిపోయినదని యెవరైన ననవచ్చును. చూచినది అట్లే యున్నది.

వేసవిలో నల్లమల. గిద్దలూరు, దిగువమెట్టలమీదుగా నంద్యాలకు పోవు రైలు ఈ యడవిని చీల్చుకొని పోవును. కిటికీలోనుండి ఆకురాల్చిన చెట్లును, నల్లని బండలును, అచ్చటచ్చట మోదుగుల నిప్పురంగును. 1983లో పులుల పరిరక్షణ పథకమున చేర్చబడిన యీ యడవి, రాష్ట్రవిభజనానంతరము కృష్ణకు ఇరువైపుల రెండు రక్షితారణ్యములుగా పాలింపబడుచున్నది. పులి కనబడలేదు. అటవీశాఖలో పనిచేయు చెంచు ఒకడు ఇసుకదారిలో వంగి, "పొద్దున్నే పోయింది సామీ, అడుగు అంచు ఇంకా ఇరగలే" అని వేలితో తాకకుండ చూపెను. గాలికి ఎండకు ఇసుక జారకముందు అంచు నిటారుగా నుండునని అతడు చెప్పినతరువాత నాకును కనబడెను. నీటిగుంటచెంత చెట్లపై కొండముచ్చులు, క్రింద చుక్కలదుప్పులు. పైవి త్రుంచి పడవేసిన చిగుళ్ళను క్రిందివి తినుచు, ఒకదాని భయమును మరియొకటి వినుచు పగలంతయు గడిపినవి. పులి లేని యీ చిత్రముననే పులి యున్నదని నా వాదము.

శ్రావణమాసమున గోదావరి ఎర్రబడి రాజమహేంద్రవరము రేవుల మెట్లెక్కుచుండగా చూడబోతిని. 1897లో ఆరంభించి 1900లో తెరచిన హేవలాకు వంతెన నదిని 56 అంగలలో దాటినది. నూరేండ్లకు దగ్గరగా రైళ్ళను మోసి 1997లో విశ్రమించినది. దాని పనిని అందుకొన్న విల్లుకమానుల వంతెనకు అంగలు 28 మాత్రమే. ఇనుమున మోసిన భారమును కాంక్రీటు కమానులు తేలికగా మోయునట్లు కనబడుటలో శిల్పిచాతుర్యమున్నది. అయినను నా కన్ను రైలులేని పాతవంతెనమీదనే నిలుచుచుండెను. ఒడ్డునుండి తీసినవానిలో రైలు కమానుల క్రింద పాకు నల్లని గీత, దానిక్రింద అంతయు నీరు.

తిరుగుప్రయాణమున ఆ గీతలో నేనును కూర్చుంటిని. వంతెన వచ్చుసరికి పెట్టెలోని వారందరును లేచి కిటికీలకు చేరి నాణెములు విసరసాగిరి. ఊచల నడుమనుండి ముడుతలు పడిన యొక చేయి వెలుపలికి పోయి, వ్రేళ్ళు విచ్చుకొన్న క్షణమున షట్టరు నొక్కితిని. ఒడ్డునుండి తీసిన యే చిత్రములోను ఈ చేయి లేదు, ఉండజాలదు. ఏడాదంతయు నేను పాటించిన నియమమునకు ఇది లొంగలేదు, అయినను దీనిని విడువలేకపోతిని. ఆ చేయి ఎవరిదో ఆ అవ్వ నావైపు తిరిగి, "నా చెయ్యెందుకు బాబూ, గోదారమ్మని తియ్యి. పుష్కరాల్లో కూడా ఇన్ని నీళ్ళు చూళ్ళేదు" అని మందలించి, కిటికీ చోటిచ్చి ప్రక్కకు జరిగెను. కొవ్వూరు వచ్చువరకు ఆమె నాచేత నీటినే తీయించెను.