అకారణంగా

శనివారం మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయాక నేను రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఒకటి పొడుగాటి రిజిస్టరు. ఆ వారం బడిలో జరిగిన విశేషాలు అందులో రాస్తే, వాటినే రెండు పేజీలకు కుదించి జిరాక్సు తీయించి దాతలకు పంపేవాళ్ళం. దానికి ‘ఈ వారం మా పిల్లలు’ అని పేరు పెట్టింది నేనే. రెండోది ప్రవర్తన రాసే నోట్‌బుక్కు, ఒక్కో పిల్లవాడికి ఒకటి. రెండూ అదే బల్ల మీద, ఒకదాని తర్వాత ఒకటి రాశాను. పది నెలలపాటు ఒక్కసారి కూడా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో, స్వచ్ఛంద సంస్థ నడిపే ప్రత్యేక పాఠశాల మాది. 2014 జూన్‌లో 42 మంది పిల్లలు, నలుగురు టీచర్లం, ఇద్దరు ఆయాలు. అప్పటికి స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి ఈ పనిలో పదకొండేళ్ళు గడిచాయి నాకు. కొత్తగా చేరిన టీచర్లకు నేర్పేది నేనే.

మా బడికి వారం అంటే ఒక వరస. సోమవారం గోళ్ళు, పళ్ళు, తల దువ్వుకోవడం చూస్తాం. మంగళవారం పెద్ద పిల్లల్ని రైతుబజారుకు తీసుకెళ్ళి పది రూపాయలిచ్చి కొత్తిమీర కట్ట కొనిపిస్తాం, చిల్లర లెక్క చూసుకోమంటాం. బుధవారం ఫిజియోథెరపిస్టు వస్తారు. శుక్రవారం పెద్దవాళ్ళు వత్తులు చేస్తారు, కాగితపు కవర్లు అతికిస్తారు. గురువారం దాతలు వస్తారు.

ఆ గురువారం ఏర్పాటు నాదే. అంతకు ముందు ఎవరి పుట్టినరోజో, పెళ్ళిరోజో ఉంటే ఏ వారమైనా వచ్చేవారు, పాఠాలు ఆగిపోయేవి. అందుకని ఒక రోజు కేటాయించి, నెల ముందుగా పేర్లు రాయించుకునే పద్ధతి పెట్టాను. సంస్థ పెద్దలు మెచ్చుకున్నారు. వచ్చేవాళ్ళ మీద నాకు అప్పుడూ ఇప్పుడూ ఏ ఫిర్యాదూ లేదు. తమ ఇంట్లో శుభకార్యం నాడు మా పిల్లలకు అన్నం పెట్టాలనుకునే మనసు చిన్నది కాదు. ఆ రోజుల్లో నెలలో నాలుగు రోజుల భోజనం ఖర్చు వాళ్ళ వల్లే గడిచేది.

ఆ ఏడే చేరాడు చిన్నోడు. అసలు పేరు చెప్పను, బడిలో అందరం అలాగే పిలిచేవాళ్ళం. తొమ్మిదేళ్ళు. మాటలు లేవు. కావలసిన దాని దగ్గరకు మన చెయ్యి పట్టుకుని లాక్కెళతాడు. ఇంటి నుంచి తెచ్చుకునే క్యారేజీ మూత నేలమీద తిప్పి, అది తిరిగి తిరిగి గలగలమంటూ ఆగేదాకా చెంప నేలకానించి చూస్తాడు. కిటికీ పక్కన రెండో పీట వాడిది. నీలం పళ్ళెం వాడిది. పన్నెండున్నరకు పప్పన్నం, పెరుగన్నం. ఈ నాలుగూ తప్పకపోతే రోజంతా వాడంత నెమ్మదైన పిల్లవాడు లేడు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌లో మాత్రం మందబుద్ధి అనే ఉండేది. 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం వచ్చి ఆ ఏడూ 21 అయినప్పుడే దానికి విడిగా చోటు దొరికింది. అయితే సర్టిఫికెట్‌లో లేదు కాబట్టి నాకు తెలియదనడానికి వీల్లేదు. చిన్నోడిది ఆటిజమని మొదటి వారమే గుర్తుపట్టాను.

జులైలో చెయ్యి కొరుక్కోవడం మొదలుపెట్టాడు. కుడిచేతి బొటనవేలి కింద కండను పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కొరికేవాడు. రక్తం వచ్చినా వదిలేవాడు కాదు. ఆయా వెనక నుంచి పట్టుకుంటే తలతో ఆవిడ గడ్డం మీద కొట్టేవాడు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా చదువులో స్పష్టంగా ఉంది. మూడు గడుల పట్టిక గీస్తాం. మొదటి గడిలో ముందు ఏం జరిగింది, రెండో గడిలో పిల్లవాడు ఏం చేశాడు, మూడో గడిలో ఆ తర్వాత ఏం జరిగింది. పదిమందికి నేర్పిన పట్టిక అది. చిన్నోడి నోట్‌బుక్కులో రెండో గడి నిండా వివరాలు రాశాను. ఎన్ని నిమిషాలు, ఎంత గాయం, ఎవరిని కొట్టాడు. మూడో గడిలో మేం ఏం చేశామో రాశాను. మొదటి గడిలో ఒకే మాట రాశాను: అకారణంగా. తర్వాతి వారాల్లో ఆ మాట కూడా పూర్తిగా రాయలేదు, పైనున్నదే అని రెండు చుక్కలు పెట్టాను.

నా కళ్ళ ముందే జరిగింది కదా, మరి ఎందుకు చూడలేదు అని చాలాసార్లు ఆలోచించాను. గురువారం నేను పిల్లల వైపు ఉండేదాన్ని కాదు. పదకొండింటికి గేటు దగ్గర నిలబడేదాన్ని, దాతలు ఎప్పుడొస్తారా అని. వాళ్ళు పన్నెండున్నరకు వస్తామని ఒంటిగంటన్నరకు వచ్చేవారు. హాల్లో పీటలు తీసేసి బల్లలు వేయించేదాన్ని, ఫోటోలో బాగుంటుందని. నీలం పళ్ళెం బదులు పేపరు ప్లేట్లు. పప్పన్నం బదులు పులిహోర, బిర్యానీ. మైకు సెట్టు, కేకు, బుడగలు. చిన్నపిల్లలు బుడగలు పేల్చేవారు. అందరూ చప్పట్లు కొట్టి పుట్టినరోజు పాట పాడేవారు. ఆ తర్వాత ఇరవై మంది కొత్తవాళ్ళు వరసగా వచ్చి పిల్లల బుగ్గలు నిమిరి, నోట్లో స్వీటు ముక్క పెట్టేవారు. చిన్నోడు తెల్లగా, ముద్దుగా ఉంటాడు. వాడి దగ్గరే ఎక్కువమంది ఆగేవారు. నేను పక్కన నిలబడి వచ్చినవాళ్ళ మొహాలు చూసేదాన్ని, తృప్తిపడ్డారా లేదా అని.

శనివారం రిజిస్టరులో, ‘దాతల రాకతో పిల్లలు ఎంతో ఆనందించారు’ అని రాసేదాన్ని.

1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన పత్రంతోనే ఆటిజం అన్న పేరు ఈ అర్థంలో స్థిరపడింది. పెద్ద చప్పుళ్ళకు ఆ పిల్లలు ఎంత భయపడతారో, చుట్టూ ఉన్నది మారకుండా ఉండాలని ఎంత పాకులాడతారో అందులోనే ఉంది. డిప్లొమా పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, జవాబు రాశాను. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వ్యాధి నిర్ణయ పుస్తకాన్ని సవరించినప్పుడు, శబ్దం, స్పర్శ, వాసన లాంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తగలడాన్ని కూడా ఆటిజం లక్షణాల్లో చేర్చింది. దాని మీద మాకు శిక్షణ తరగతి కూడా పెట్టారు. అందులో నేను రాసుకున్న కాగితాలు అదే బల్ల సొరుగులో ఉన్నాయి.

కారణం లేదనుకున్నాను కాబట్టి శిక్షణ అనుకుంటూ శిక్షలు వేశాను. కొరుక్కుంటే క్యారేజీ మూత లాక్కునేదాన్ని. వాడి గుండె దడను నెమ్మదింపజేసేది ఆ ఒక్క మూతే. పది నిమిషాలు సామాన్ల గదిలో కూర్చోబెట్టేదాన్ని. అక్కడికి వెళ్ళగానే కొరకడం ఆపేవాడు. ‘టైమ్ అవుట్ పనిచేస్తోంది’ అని మూడో గడిలో రాశాను. ఆ గదిలో చప్పుడు లేదు, మనుషులు లేరు, అందుకని ఆపాడు. పట్టికలో జవాబు కూడా నేనే రాసి, దాన్ని చదువుకోలేదు.

సెప్టెంబరులో వాళ్ళమ్మ వచ్చింది. టైలరింగ్ షాపులో కాజాలు కుట్టే పని ఆవిడది. గేటు దగ్గరే నిలబడి అడిగింది.

“టీచర్‌గారూ, గురువారం పూట బాబుని ఇంట్లో ఉంచేసుకోనాండీ?”

“ఎందుకమ్మా?”

“బుధవారం రాత్రి బాగానే ఉంటాడండి. గురువారం వచ్చాక మాత్రం అన్నం తినడు, పడుకోడు. మంచం కింద దూరిపోతాడు.”

రోజూ బడికి రాకపోతే నేర్చుకున్నది పోతుందని, తల్లులు ముద్దు చేస్తేనే ఇలాంటి అలవాట్లు ముదురుతాయని చెప్పాను. గొంతు పెంచలేదు, మెత్తగానే చెప్పాను. ఆవిడ తల ఊపి వెళ్ళింది. అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో మరోసారి అదే అడిగింది. ఆ మూడోసారి హాజరు పట్టీ తీసి చూపించాను. ఇక అడగలేదు.

జనవరిలో ప్రవర్తనల కొలమానం నింపాం. బేసిక్ ఎం.ఆర్. అంటాం, సికింద్రాబాదులోని జాతీయ సంస్థ తయారుచేసింది. అందులో రెండో భాగంలో సమస్యాత్మక ప్రవర్తనలు 75 అంశాలుగా ఉంటాయి, ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు వెయ్యాలి. తనను తాను గాయపరచుకోవడం దగ్గర రెండు వేశాను, అంటే తరచుగా అని. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఆ అంకెలో ఉండదు, దాన్ని వేసేవాళ్ళు కనుక్కోవాలి. ఆ కాగితం, నోట్‌బుక్కు పట్టుకుని వాళ్ళమ్మ బస్సెక్కి డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఏ కారణం లేకుండా పిల్లవాడు రక్తం వచ్చేలా కొరుక్కుంటున్నాడని టీచరు రాసిస్తే డాక్టరు మాత్రం ఏం చేస్తారు? అప్పటికే వాడుతున్న మందు మోతాదు పెంచారు.

మూడు నెలలు చిన్నోడు మగతలో ఉన్నాడు. పీట మీదే తూలేవాడు. ఆకలి ఎక్కువై ఒళ్ళు వచ్చింది, చొక్కా గుండీలు పట్టేవి కావు. మూత తిప్పేవాడు కాదు. కొరుక్కోవడం మాత్రం తగ్గింది. రిజిస్టరులో ‘చక్కని మెరుగుదల’ అని రాశాను. ఈ వాక్యం ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది.

ఏప్రిల్‌లో సంస్థవాళ్ళు ఆ ఏడాది వచ్చిన దాతల జాబితా తేదీలతో సహా కావాలన్నారు. అదే వారంలో పిల్లల వార్షిక నివేదికలు కూడా ఇవ్వాలి. పని తొందరలో రిజిస్టరు ఎడమ పక్క, చిన్నోడి నోట్‌బుక్కు కుడి పక్క తెరిచి పెట్టుకున్నాను. జులై 24. నోట్‌బుక్కులో కూడా జులై 24. ఆగస్టు 14. అక్కడా ఆగస్టు 14. ఒక్కసారిగా గుండె జారింది. తెల్లకాగితం తీసుకుని మొదటి నుంచీ వేసుకుంటూ వచ్చాను.

మందు పెంచేదాకా కొరుక్కున్న రోజులు మొత్తం 23. అందులో 21 గురువారాలు. మిగిలిన రెండింటిలో ఒకటి సెప్టెంబరు 1, బడి గోడ పక్కన వినాయకుడి పందిట్లో మైకు పెట్టిన సోమవారం. రెండోది డిసెంబరు 3, ప్రపంచ వికలాంగుల దినోత్సవం. ఆ రోజు డప్పులతో పిల్లల్ని ఊరేగింపుగా తీసుకెళ్ళాం. దాతల పేర్లు రాసి ఉన్న గురువారాలు 24. మిగతా మూడింటిలో ఒకనాడు చిన్నోడికి జ్వరం, బడికి రాలేదు. రెండుసార్లు దాతలు తాము రాలేక భోజనం ఆటోలో పంపించారు. ఆ రెండు రోజులూ నోట్‌బుక్కు తెల్లగా ఉంది.

రిజిస్టరుకు ఫోటోలు అతికించేవాళ్ళం. నవంబరు 20 పేజీ దగ్గర ఆగిపోయాను. అది మా అమ్మాయి పుట్టినరోజు. ఆ ఏడాది బడిలోనే చేశాం. ఫోటోలో మా అమ్మాయి కేకు కోస్తోంది, నేను వెనక నిలబడి నవ్వుతున్నాను. ఎడమ మూల, బల్ల చివర చిన్నోడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెయ్యి నోట్లో ఉంది. ఆ ఫోటోను నేనే ఎంచి, నేనే అతికించాను.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. రెండు పుస్తకాలూ మంచం మీద పెట్టి తేదీలు చూపించి, తప్పు నాదని చెప్పాను. మూడుసార్లు మీరు చెప్పారు, నేను వినలేదన్నాను. ఆవిడ ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. చేతిలో చొక్కా పక్కన పెట్టి, “అయితే ఆ మందు తగ్గిస్తారాండీ?” అని అడిగింది. ఆ వారమే ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళాం. నా పట్టిక తప్పని, మొదటి గడి మార్చి తెచ్చానని చెప్పాను. ఆయన కాగితం రెండుసార్లు చదివారు. మందు ఒక్కసారిగా ఆపకూడదని చెప్పి, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆగస్టు నాటికి పాత మోతాదుకు తెచ్చారు.

బడిలో మార్పు అంత తేలిగ్గా జరగలేదు. మైకు వద్దు, బుడగలు వద్దు, భోజనం పన్నెండుకల్లా రావాలి, ఒకసారికి నలుగురికి మించి లోపలికి రాకూడదు, అడక్కుండా పిల్లల్ని ముట్టుకోకూడదు, ఎవరి పళ్ళెంలో వాళ్ళు, ఎవరి పీట మీద వాళ్ళు తింటారు. ఇవి రాసిస్తే దాతలు పోతారని సంస్థ పెద్దలు భయపడ్డారు. కొందరు నిజంగానే మానేశారు, రెండు నెలలు భోజనాల ఖర్చుకు కటకటపడ్డాం. ఎందుకో వివరంగా చెబితే అర్థం చేసుకున్నవాళ్ళే ఎక్కువ. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన, భార్య సంవత్సరీకం నాడు భోజనానికి డబ్బు కట్టి, తాను వత్తుల బల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా పిల్లలతో దూది ఏకారు.

గోడకు బొమ్మల పట్టిక పెట్టాం. ఒక్కో పనికి ఒక్కో బొమ్మ, అతికించి తీసేలా. ఎవరైనా వచ్చేట్టుంటే బుధవారం సాయంత్రమే గేటు బొమ్మ అతికించి పిల్లలకు చూపిస్తాం. పక్కనే, చప్పుడు లేని ఫిజియోథెరపీ గది బొమ్మ ఉంటుంది. అక్కడికి వెళ్ళాలనుకున్నవాళ్ళు దాన్ని తీసి చేతికిస్తే చాలు. మొదటిసారి చిన్నోడు ఆ బొమ్మ తీసి నా చేతిలో పెట్టింది 2015 జులైలో. ఆ రోజంతా కొరుక్కోలేదు. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు కొరుక్కున్నాడు, ఎందుకో నాకు తెలియని రోజులున్నాయి. అలాంటప్పుడు మొదటి గడిలో ‘ఇంకా తెలియలేదు’ అని రాసి, కింద ఆ రోజు ఎండా వానా, ఎవరొచ్చారు, ఏం వండారు, ఏ కుర్చీ జరిగింది, అన్నీ రాస్తున్నాను. వాళ్ళమ్మకు ఫోన్ చేసి అడుగుతున్నాను.

ఇప్పుడు వాడికి మీసాలు వచ్చాయి. వృత్తి శిక్షణ విభాగంలో కాగితపు కవర్లు అతికిస్తాడు, అంచు వంకర పోతే తనే విప్పి మళ్ళీ అతికిస్తాడు. ఉదయం బల్ల దగ్గరకు రాగానే జిగురు కుంచె కోసం కుడిచెయ్యి చాపుతాడు. బొటనవేలి కింద చర్మం కాయ కాచి, గోధుమరంగులో గట్టిగా ఉంటుంది, రూపాయి బిళ్ళంత. కుంచె పెట్టేటప్పుడు నా వేలికి తగులుతుంది.