మొదట మాట, తర్వాత గ్రామర్



ఈ వేసవిలో జర్మనీలో ఉన్న మా అక్కావాళ్ళ దగ్గరికి వెళ్ళి, తిరిగొస్తూ ఇస్తాంబుల్‌లో రెండు రోజులు ఆగాను. అక్కడి గ్రాండ్ బజార్‌లో నేర్చుకున్న పాఠం ఒకటి మీతో పంచుకోవాలి.

1453లో ఆ నగరాన్ని గెలిచిన ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మెహ్మెద్, కొద్ది ఏళ్ళకే ఈ బజారు కట్టించడం మొదలుపెట్టాడు. తర్వాత అది పెరిగి పెరిగి, ఇప్పుడు సుమారు 60 వీధులు, 4,000 దుకాణాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. వీధులకు పాత వృత్తుల పేర్లే మిగిలాయి. టోపీలు కుట్టేవాళ్ళ పేరున్న వీధి నిండా ఇప్పుడు బంగారు నగలే!

రంగు గాజుముక్కల దీపాలు అమ్మే ఒకాయన నన్ను, "యూ కమ్, యూ సీ, మనీ లేటర్" అని పిలిచాడు. అలవాటు కొద్దీ మనసులోనే తప్పులు దిద్దేశాను. ఆయన మాత్రం పక్కనున్న అరబ్ కుటుంబంతో అరబిక్‌లో, ఇంకొకరితో స్పానిష్‌లో మాట్లాడేస్తున్నాడు. ఎక్కడా తడబాటు లేదు.

ఆయన చాయ్ ఇచ్చాడు. టర్కిష్‌లో కూడా అది చాయే. దుకాణాన్ని 'దుక్కాన్' అంటారు, చక్కెరని 'షెకెర్' అంటారు. ఆ ధైర్యంతో, హోటల్లో బట్టీపట్టిన "తెషెక్కూర్ ఎదెరిమ్" చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. అంటే 'థ్యాంక్యూ' అని. ఆయన నవ్వలేదు. ఆగి విన్నాడు. నేను పూర్తిచేశాక, నిదానంగా ఒకసారి సరిగ్గా పలికి వినిపించాడు.

నాకు సిగ్గేసింది. గత ఏడాది ఆరో తరగతిలో ఒక బాబు "యెస్టర్‌డే ఐ గోడ్..." అనగానే అందరి ముందు ఆపి దిద్దాను. ఆ తర్వాత ఏడాదంతా ఆ చెయ్యి లేవలేదు.

జూన్‌లో బడి తెరవగానే అతన్ని సెలవుల గురించి అడిగాను. అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, బావిలో ఈత... మూడు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాడు. తొమ్మిది తప్పులు. లెక్కపెట్టాను గానీ ఆపలేదు. చివర్లో ఒక్కటే దిద్దాను.

ఇంత ఫీజు కట్టి తప్పుల ఇంగ్లీషా అని మీకు అనిపించవచ్చు. తప్పులు దిద్దడం నా బాధ్యత, అది మానను. కాకపోతే పిల్లలు మాట పూర్తిచేశాకే దిద్దుతాను. మీరూ రాత్రి అన్నాల దగ్గర పదినిమిషాలు వాళ్ళని మాట్లాడనివ్వండి. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే. మధ్యలో మాత్రం ఆపకండి.